ఫోర్స్ ప్లేట్ లేకుండా బయోమెకానిక్స్ థీసిస్: ఫోన్ కెమెరాతో ఎంత దూరం వెళ్లొచ్చు?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగిన అమ్మాయి ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) స్పోర్ట్స్ రెండో సంవత్సరం. కాలేజీలో ఫోర్స్ ప్లేట్ (పాదానికీ నేలకూ మధ్య బలాన్ని కొలిచే పలక) లేదు, మోషన్ క్యాప్చర్ కెమెరాలు లేవు, కండరాల విద్యుత్తును కొలిచే ఈఎంజీ మెషీన్ ఉంది కానీ పనిచేయదు. గైడ్ ఇచ్చిన టాపిక్: ‘కబడ్డీ ఆటగాళ్లలో ఆరు వారాల ప్లయోమెట్రిక్ శిక్షణ వల్ల వర్టికల్ జంప్‌లో వచ్చే మార్పు’. ప్లయోమెట్రిక్ అంటే గెంతుతూ, దూకుతూ చేసే కసరత్తులు. 15 మంది శిక్షణ గ్రూపు, శిక్షణ లేని 15 మంది కంట్రోల్. తనకేమో బయోమెకానిక్స్ (శరీర కదలికలను, బలాలను కొలిచే శాస్త్రం) ఇష్టం. ఫోన్‌తో కొలిస్తే దాన్ని రీసెర్చ్ అంటారా, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, 30 మంది సరిపోతారా అని అడిగింది.

అంటారమ్మా, నిక్షేపంగా అంటారు. 1882లో మారే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త తుపాకీ ఆకారంలో ఒక కెమెరా చేయించి, సెకనుకు 12 ఫొటోలు తీస్తూ పక్షుల రెక్కల కదలికను పట్టుకున్నాడు. మీ చేతిలో ఉన్న ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకు 240 తీస్తుంది. పరికరం చిన్నదనే చింత వదిలేయండి. ఆ పరికరం ఎంత తప్పు చూపిస్తుందో తెలియకుండానే దాంతో ‘మార్పు’ను కొలవడం మొదలుపెడతారు చూడండి, మన విద్యార్థుల థీసిస్‌లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడ. నేను చూసిన ప్రాజెక్టుల్లో శిక్షణ గురించి పదిహేను పేజీలుంటాయి, కొలత గురించి నాలుగు లైన్లుంటాయి. మీరు దీన్ని తలకిందులు చేయాలని నా సలహా.

ముందు జంప్ సంగతి. మనిషి నేల వదిలిన క్షణం నుంచి మళ్లీ నేల తాకే క్షణం వరకు ఎంతసేపు గాలిలో ఉన్నాడో తెలిస్తే ఎత్తు లెక్కగట్టొచ్చు. గాలిలో ఉన్న సమయాన్ని దానితోనే హెచ్చించి, 9.81తో హెచ్చించి, 8తో భాగించాలి. అరసెకను గాలిలో ఉంటే 30.7 సెంటీమీటర్లు. ఇప్పుడు వీడియోలో ఒక్క ఫ్రేము అటూ ఇటూ గుర్తించారనుకోండి. మామూలు వీడియో సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి ఒక ఫ్రేము అంటే 0.033 సెకను. దాంతో 30.7 కాస్తా 34.9 అవుతుంది, అంటే నాలుగు సెంటీమీటర్లకు పైగా తేడా! ఆరు వారాల శిక్షణతో మీరు ఆశిస్తున్న పెరుగుదలే అంత ఉండొచ్చు. అదే 240 ఫ్రేముల దగ్గర ఒక ఫ్రేము తప్పితే తేడా అర సెంటీమీటరే. కాబట్టి మామూలు వీడియోతో ఈ పని చేయకండి.

ఫోన్ మీద ‘240’ అని రాసి ఉన్నా గుడ్డిగా నమ్మొద్దు. కొన్ని ఫోన్లు చెప్పినదానికన్నా తక్కువ ఫ్రేములు ఇస్తాయి. దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. గోడకు టేపు అతికించి, సరిగ్గా ఒక మీటరు ఎత్తు నుంచి ఒక గట్టి బంతిని వదిలి స్లో మోషన్‌లో తీయండి. ఒక మీటరు పడడానికి 0.4515 సెకను పడుతుంది. 240 ఫ్రేముల్లో అది సుమారు 108 ఫ్రేములు. మీకు 54 వస్తే మీ ఫోన్ తీస్తున్నది 120 అన్నమాట. ఎత్తు బంతి అడుగు భాగం నుంచి కొలవాలి, చాలామంది పైనుంచి కొలుస్తారు. ఇది పదిసార్లు చేసి, వచ్చిన అంకెలను థీసిస్‌లో ఒక టేబుల్‌గా పెట్టండి. ఎగ్జామినర్ ముందు ఆ టేబుల్ చేసే మేలు రివ్యూ ఆఫ్ లిటరేచర్‌లోని ఇరవై పేజీలు చేయవు.

వీడియో తీసేటప్పుడు కెమెరా నేలకు దగ్గరగా, పాదం ఎత్తులో, స్టాండు మీద ఉండాలి. చేత్తో పట్టుకుంటే లాభం లేదు. చివరి వేలు నేల వదిలిన ఫ్రేము, మళ్లీ పాదంలో ఏ భాగమైనా నేల తాకిన మొదటి ఫ్రేము, ఈ రెండే మీకు కావాలి. ఇండోర్‌లో పాత ట్యూబ్‌లైట్ల కింద తీస్తే వీడియో మినుకుమినుకుమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైటు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది, కంటికి తెలియకపోయినా 240 ఫ్రేముల కెమెరాకు తెలుస్తుంది. పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు ఆరుబయట తీసుకోవడం మేలు. ఇంకో మాట, వీడియోలను వాట్సాప్‌లో పంపుకోకండి. అది కుదించి ఫ్రేములు మింగేస్తుంది. కేబుల్ పెట్టి నేరుగా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకోండి.

ఆటగాళ్ల వైపు నుంచి వచ్చే తప్పులు ఇంకా ఎక్కువ. దిగేటప్పుడు మోకాళ్లు మడిచి దిగితే నేల తాకడం ఆలస్యమవుతుంది, దూకని ఎత్తు లెక్కలోకి వస్తుంది. కుర్రాళ్లు రెండో రోజుకే ఈ కిటుకు కనిపెట్టేస్తారు, ఎవరు ఎక్కువ దూకారన్న పందెం పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. కాళ్లు చాచి, వేళ్ల మీద దిగాలని ముందే చెప్పి, మడిచిన జంప్‌ను కొట్టేయాలి. చేతులు ఊపితే ఎత్తు పెరుగుతుంది కాబట్టి నడుము మీద పెట్టించండి. ఒకరోజు బూట్లతో, ఇంకోరోజు ఉత్తకాళ్లతో వద్దు. అసలు పరీక్షకు ముందు ఒకరోజు ఊరికే అలవాటు కోసం దూకించండి. అది చేయకపోతే మొదటి కొలతకూ రెండో కొలతకూ మధ్య వచ్చే పెరుగుదలలో కొంత కేవలం ‘ఎలా దూకాలో తెలియడం’ వల్ల వస్తుంది. ఆ పెరుగుదలను మీరు ప్లయోమెట్రిక్స్ ఖాతాలో వేస్తారు.

గోడ మీద సుద్దముక్కతో గీత గీసే పద్ధతి వాడమని గైడ్ అనొచ్చు. 1921లో సార్జెంట్ ప్రచురించిన జంప్ పరీక్ష నుంచి వచ్చిన ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది, తప్పులేదు. కానీ దాని అంకెనూ వీడియో అంకెనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి. సుద్దగీత పద్ధతిలో లెక్క అరికాలు పూర్తిగా నేల మీద ఆనించి నిలబడ్డప్పటి నుంచి మొదలవుతుంది. వీడియో పద్ధతిలో మునివేళ్లు నేల వదిలిన క్షణం నుంచి మొదలవుతుంది. మడమలు లేపడం వల్ల శరీరం అప్పటికే సుమారు పది సెంటీమీటర్లు పైకి వచ్చి ఉంటుంది. పైగా అక్కడ చేయి ఊపడం, భుజం సాగడం కూడా కలుస్తాయి. రెండూ సరైన పరీక్షలే, కొలిచేది మాత్రం ఒకటే కాదు.

ఇక అసలు విషయం. మీరు 20 మందిని తీసుకుని, ఏ శిక్షణా ఇవ్వకుండా, వారం తేడాతో రెండుసార్లు అదే సమయానికి అదే నేల మీద కొలవండి. ఆ రెండు కొలతలు ఎంత కలుస్తున్నాయో చెప్పేది ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్), ఒకటికి ఎంత దగ్గరైతే అంత మంచిది. అది 0.90 వచ్చిందని సంబరపడి అక్కడే ఆగిపోతారు అందరూ. ఇంకో రెండు మెట్లు దిగాలి. గ్రూపులో జంప్ ఎత్తుల స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ అంకెలు ఎంత చెదిరి ఉన్నాయన్నది) 5 సెంటీమీటర్లనుకుందాం. ఒకటిలోంచి ఐసీసీ తీసేసి, వర్గమూలం కట్టి, డీవియేషన్‌తో హెచ్చిస్తే 1.58 సెంటీమీటర్లు. ఇది కొలతలోని ప్రామాణిక దోషం. దీన్ని 2.77తో హెచ్చిస్తే 4.4 సెంటీమీటర్లు. ఒకరిలో ఇంతకన్నా పెద్ద మార్పు వస్తేనే అది కొలతలోని తప్పు కాదని నమ్మొచ్చు. అంటే ఒక ఆటగాడి జంప్ 3 సెంటీమీటర్లు పెరిగిందని మీ పరికరం చూపిస్తే, అతను నిజంగా మెరుగయ్యాడని మీరు గట్టిగా చెప్పలేరు. కిలోకు వంద గ్రాములు అటూ ఇటూ చూపించే తక్కెడతో యాభై గ్రాముల కోసం బేరమాడినట్టు ఉంటుంది. గ్రూపు సగటుకు వచ్చేసరికి ఇంతకన్నా చిన్న మార్పులు కూడా పట్టుబడతాయి, ఎందుకంటే వ్యక్తుల తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కానీ థీసిస్ చివర ‘ప్రతి ఆటగాడిలోనూ మెరుగుదల కనిపించింది’ అని రాసే వాక్యం మాత్రం ఈ లెక్క ముందు నిలవదు.

రెండు పద్ధతులు కలుస్తున్నాయా అని చూడాలంటే కోరిలేషన్ (రెండు అంకెలు కలిసి పెరిగి తగ్గుతున్నాయా అన్న లెక్క) చాలదు. ఒక టేపు అందరికీ ఐదు సెంటీమీటర్లు ఎక్కువ చూపించినా కోరిలేషన్ నిండుగా 1 వస్తుంది. బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్‌లో చెప్పిన పద్ధతి వాడండి. రెండు కొలతల తేడాను వాటి సగటు మీద గ్రాఫుగా వేస్తే తప్పు ఎటువైపు, ఎంత అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. ఎక్సెల్‌లో అరగంట పని.

30 మంది చాలా అన్నదానికి జవాబు: మీ గైడ్ చెప్పిన డిజైన్‌కు చాలరు. ఎందుకో తెలియదు గానీ మన దగ్గర 30 అనేది ఆచారమైపోయింది. రెండు వేర్వేరు గ్రూపుల మధ్య ఓ మోస్తరు తేడా, అంటే డీవియేషన్‌లో సగం అంత తేడా, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే పదిలో ఎనిమిదిసార్లు దొరికేలా) పట్టుకోవాలంటే గ్రూపుకు 64 మంది కావాలి. పెద్ద తేడా, డీవియేషన్‌కు 0.8 వంతు అనుకున్నా గ్రూపుకు 26 మంది. పదిహేనేసి మందితో డీవియేషన్‌ను మించిన తేడా ఉంటేనే దొరుకుతుంది. జీ-పవర్ ఉచిత సాఫ్ట్‌వేర్, దాంట్లో మీరే చూసుకోవచ్చు. ముందు కొలతను కూడా లెక్కలోకి తీసుకునే విశ్లేషణ, అంకోవా, చేస్తే కొంత తక్కువ మందితో గట్టెక్కవచ్చు. ఎంత తక్కువ అన్నది మొదటి, రెండో కొలతల మధ్య సంబంధం మీద ఆధారపడుతుంది. ఆ అంకె మీకు పైన చెప్పిన 20 మంది పరీక్షలోనే దొరుకుతుంది చూడండి.

ఇంకో తప్పు నాకు చాలాసార్లు కనిపిస్తుంది. శిక్షణ గ్రూపులో ముందూ తర్వాతా టీ-టెస్ట్ చేస్తే పీ వాల్యూ 0.03, కంట్రోల్ గ్రూపులో 0.08 (0.05 కన్నా తక్కువైతే మార్పు వచ్చినట్టు లెక్క). ‘ఇక్కడ వచ్చింది, అక్కడ రాలేదు, కాబట్టి శిక్షణ పనిచేసింది’ అని రాసేస్తారు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఏమీ కాకపోవచ్చు. మార్పును గ్రూపుల మధ్య నేరుగా పోల్చాలి. వైవాలో ఈ ప్రశ్న పడితే టెన్షన్ మామూలుగా ఉండదు.

సాఫ్ట్‌వేర్ కోసం ఎక్కువ ఆలోచించకండి. విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే కినోవియా ఉచితం, ఫ్రేము ఫ్రేముగా నడిపించొచ్చు, కోణాలు గీయొచ్చు. రెండు ఐఫోన్లో ఐప్యాడ్లో అప్పు దొరికితే స్టాన్‌ఫోర్డ్ వాళ్ల ఓపెన్‌క్యాప్ ఉంది. అది రెండు వీడియోల నుంచి త్రీడీ కదలికను లెక్కగడుతుంది, విద్యా పరిశోధనకు ఉచితం. అయితే వీడియోలు వాళ్ల సర్వర్‌కు వెళ్తాయి. ఆ మాట సమ్మతి పత్రంలో ఆటగాడికి అర్థమయ్యే తెలుగులో రాసి ఉండాలి.

కోణాలు కొలవాలన్న ఆశ ఉంటే కొన్ని జాగ్రత్తలు. కబడ్డీలో కూతకు వెళ్లిన కుర్రాడు ఒంటికాలి మీద ఆగి తిరిగే క్షణంలో మోకాలు లోపలికి వాలడం మీకు ఆసక్తిగా ఉంటుందని ఊహిస్తున్నాను. ఒంటికాలి స్క్వాట్ చేయించి, ఎదురుగా వీడియో తీసి, తుంటి, మోకాలు, చీలమండ మధ్య కోణం కొలవచ్చు. బొట్టుబిళ్లలు అతికించినా మార్కర్లుగా పనికొస్తాయి. కానీ ఆ టూడీ కోణం అసలు మోకాలి కీలులో జరిగే వంపు కాదు. తొడ లోపలికి తిరగడం, మోకాలు మడవడం కూడా అందులో కలిసిపోతాయి. అందుకే ‘ఎదుటి నుంచి కనిపించే కోణం’ అనే రాయాలి, ‘మోకాలి వాల్గస్’ (కీలే లోపలికి వంగడం) అని తీర్పు ఇవ్వకూడదు. కెమెరాను కనీసం నాలుగైదు మీటర్ల దూరంలో పెట్టి జూమ్ చేయండి. దగ్గర పెట్టి వైడ్ లెన్స్ వాడితే అంచుల్లో కాళ్లు వంకరగా కనిపిస్తాయి. కొలబద్ద మనిషి నిలబడిన తలంలోనే ఉండాలి, వెనక గోడకు కాదు.

బలాలు, త్వరణాల జోలికి మాత్రం వెళ్లకండి. కారణం చెబుతాను. స్థానం నుంచి త్వరణం రావాలంటే రెండుసార్లు డిఫరెన్షియేట్ చేయాలి. 240 ఫ్రేముల వీడియోలో ఒకే ఒక్క ఫ్రేములో మార్కర్‌ను ఒక మిల్లీమీటరు తప్పుగా గుర్తిస్తే, ఆ పక్క ఫ్రేము దగ్గర త్వరణంలో వచ్చే తప్పు సెకను వర్గానికి 57 మీటర్లకు పైనే. భూమి ఆకర్షణకు దాదాపు ఆరు రెట్లు! ఆ ఫ్రేము దగ్గరైతే దానికి రెట్టింపు. అందుకే ల్యాబుల్లో ఫిల్టర్ వేస్తారు, నడకకైతే 6 హెర్ట్జ్ ప్రాంతంలో. ఇక కీలు మీద పడే బలం తెలియాలంటే నేల నుంచి వచ్చే బలం కావాలి, దానికి ఫోర్స్ ప్లేట్ ఉండాలి. ఆపైన తొడ బరువెంత, పిక్క బరువెంత అన్న అంకెలు కావాలి. ఆ అంకెల్లో బాగా వాడుకలో ఉన్నవి 1955లో డెంప్‌స్టర్ అమెరికాలో వయసుమళ్లిన ఎనిమిది మంది మగవాళ్ల మృతదేహాల మీద తీసినవి. 1996లో డి లేవా సవరించి ఇచ్చినవి రష్యన్ యువతీయువకుల కొలతలు. మన పందొమ్మిదేళ్ల కబడ్డీ కుర్రాడి తొడకు అవి ఎంతవరకు సరిపోతాయన్నదే ఒక పెద్ద పరిశోధన. కినోవియాలో కోణం గీసి ‘మోకాలిపై బలం తగ్గింది’ అని రాసిన థీసిస్‌లు నా చేతికి వచ్చాయి. మీరు ఆ పని చేయరనే నా నమ్మకం.

అనుమతుల విషయంలో ఆలస్యం చేయొద్దు. శిక్షణ ఇచ్చి ఫలితం చూసేది ఏదైనా ఇంటర్వెన్షనే, పీజీ థీసిస్ అయినా సరే. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక, మొదటి ఆటగాడిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి వాళ్లు ముందస్తు నమోదునే తీసుకుంటున్నారు. రుసుము లేదు గానీ, ప్రశ్నలు అడిగి వెనక్కి పంపుతుంటారు, కొన్ని వారాలు పక్కన పెట్టుకోండి. జిల్లా పరిషత్ హైస్కూలు జట్టును తీసుకుంటే హెడ్‌మాస్టరు సంతకం ఒక్కటే చాలదు. 18 నిండని వాళ్లకు తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం 12 దాటిన పిల్లల నుంచి రాతపూర్వకంగా వాళ్ల అంగీకారం కూడా తీసుకోవాలి. పీఈటీ సార్ చెప్పాడని లైన్లో నిలబడ్డ పిల్లవాడు ‘వద్దు’ అనలేడు, అది గుర్తుపెట్టుకుని ఆ సార్ లేనప్పుడు అడగండి.

మరి గైడ్‌కు ఏం చెప్పాలి? టాపిక్ బాగాలేదని మాత్రం అనొద్దు. ‘సార్, శిక్షణకు ముందు మన కొలత ఎంత నమ్మదగినదో చూద్దాం, నా థీసిస్ ఆ భాగం, జూనియర్ దాని మీద శిక్షణ భాగం చేస్తారు’ అని ప్రతిపాదించండి. ఫోన్‌తో జంప్ కొలత రోజుకూ రోజుకూ ఎంత నిలకడగా ఉంటుంది, ఇద్దరు వేర్వేరు పరిశీలకులు చూస్తే ఎంత తేడా, కుడికాలు ఎడమకాలు ఒంటికాలి జంప్‌లో ఎంత తేడా? ఈ మూడింటికి 30 మంది డీసెంట్ సంఖ్యే, ఆరు వారాల హాజరు గొడవ లేదు, శిక్షణ ఇవ్వడం లేదు కాబట్టి ట్రయల్ కిందికి రాదు. ఎథిక్స్ అనుమతి మాత్రం కావాలి. చాలామంది గైడ్‌లు దీనికి ఒప్పుకుంటారు, ఎందుకంటే మధ్యలో ఆటగాళ్లు మానేసే తలనొప్పి వాళ్లకూ తెలుసు.

ఒప్పుకోకపోతే, లేదా మీకే జంప్ మీద మోజు తగ్గితే, ఇంకా చవకైన ప్రశ్నలు మన చుట్టూ ఉన్నాయి. గోడకు మోకాలు ఆనించి, మడమ లేవకుండా పాదం ఎంత వెనక్కి జరపగలరో టేపుతో కొలిచే లంజ్ టెస్ట్ ఉంది. ఒక సెంటీమీటరు అంటే చీలమండ వంపులో సుమారు మూడున్నర డిగ్రీలు. రోజూ గొంతుక్కూర్చుని పనిచేసేవాళ్లకూ, కుర్చీ, వెస్ట్రన్ టాయిలెట్ అలవాటైనవాళ్లకూ మధ్య ఈ అంకెలో తేడా ఉందా అన్నది మన ఊళ్లలో అడగదగ్గ ప్రశ్న. జైపూర్ ఫుట్ పుట్టిందే ఇలాంటి అవసరం నుంచి. మఠం వేసుకోవడానికి, గొంతుక్కూర్చోవడానికి, ఉత్తకాళ్లతో పొలంలో నడవడానికి పాశ్చాత్య కృత్రిమ పాదాలు పనికిరాలేదు కాబట్టే 1960ల చివర్లో రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ దాన్ని తయారుచేశారు.

తలమీద బరువు మోయడం ఇంకొకటి. 1986లో నేచర్‌లో వచ్చిన ఒక పరిశోధన, కెన్యాలోని లువో, కికుయు స్త్రీలు తమ శరీర బరువులో 20 శాతం వరకు తలమీద గానీ నుదుటి పట్టీతో గానీ మోసినా అదనపు శక్తి ఖర్చు కాలేదని చూపించి అందర్నీ ఆశ్చర్యపరిచింది. 2010లో దక్షిణాఫ్రికాలో షోసా స్త్రీలను కొలిస్తే అలాంటి ‘ఉచిత సవారీ’ కనిపించలేదు. బిందెలతో నీళ్లు మోసేవాళ్లు, ఇటుకలు మోసే భవన కూలీలు మన దగ్గర ఎందరో ఉన్నారు. ఆక్సిజన్ కొలిచే యంత్రం మీకు లేకపోయినా అడుగు పొడవు, అడుగుల వేగం బరువుతో ఎలా మారుతున్నాయో ఫోన్‌తో చూడొచ్చు. శక్తి ఖర్చు గురించి మాత్రం అప్పుడు ఒక్క మాటా అనకూడదు.

ముందు ఆ బంతి పరీక్ష చేసి ఎన్ని ఫ్రేములు వచ్చాయో చెప్పండి. 108 దగ్గరగా వస్తే పైన చెప్పిన పద్ధతే పాటించండి. 54 వస్తే, అంటే ఫోన్ 120 మాత్రమే ఇస్తే, ఒక ఫ్రేముకు తప్పు సెంటీమీటరు అవుతుంది. అప్పుడు ఒక్కొక్కరితో మూడు జంప్‌లు చేయించి సగటు తీసుకోవాలి, లేదా హాస్టల్‌లో మంచి ఫోన్ ఉన్నవాళ్లను పట్టుకోవాలి. రెండోదే తేలిక.